క్యాన్సర్‌ను గెలిచిన అమ్మ పాలివ్వొచ్చా?

కాన్పు అయిన గంటకల్లా నర్సు బిడ్డను తెచ్చి తల్లి పక్కన పడుకోబెడుతుంది. 'పాలు పట్టండమ్మా' అంటుంది. చాలామంది తల్లులకు అది మామూలు మాట. కానీ నాలుగేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకుని, కీమో, రేడియేషన్ భరించి, డాక్టర్లను పదిసార్లు అడిగి అడిగి ఎట్టకేలకు గర్భం దాల్చిన తల్లికి? ఆ మాట వినగానే గదిలో ఒక్క క్షణం నిశ్శబ్దం. తల్లి తన తల్లి వైపు చూస్తుంది. అత్తగారు భర్త వైపు చూస్తారు. 'ఆ మందులన్నీ పాలల్లోకి దిగవా?' అని ఒకరు. 'మళ్లీ తిరగబెడితే ఎవరిది బాధ్యత?' అని ఇంకొకరు. ఇంతలో ఎవరో డబ్బాపాలు తెస్తారు. నిర్ణయం అయిపోతుంది, తల్లిని ఎవరూ అడగకుండానే.

మీ ఇంట్లోనో, బంధువుల్లోనో ఇలాంటి అమ్మాయి ఉంటే ఈ వ్యాసం ఆమె కోసమే. లేకపోయినా చదవండి. ఎందుకంటే 2022లో మన దేశంలో కొత్తగా 1,92,020 మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చినట్టు గ్లోబోకాన్ అంచనా. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన ఆడవాళ్లకు ఈ జబ్బు సగటున పదేళ్లు ముందే వస్తోంది. పెళ్లిళ్లు, కాన్పులేమో ముప్పై వైపు జరుగుతున్నాయి. చికిత్స అయ్యాక పిల్లల్ని కనాలనుకునే వారి సంఖ్య పెరగక తప్పదు.

ఈ భయంలో నిజానికి మూడు వేర్వేరు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి. పాలిస్తే తల్లికి జబ్బు తిరగబెడుతుందా? ఆ పాలు బిడ్డకు మంచివేనా? అసలు పాలు వస్తాయా? మూడింటినీ ఒకే మూటలో కట్టేయడం వల్లే 'ఎందుకొచ్చిన గొడవ, వద్దులే' అనే మాట వస్తుంది. విడదీసి చూద్దాం.

బార్సిలోనా నుంచి వచ్చిన కబురు

మొదటి ప్రశ్నకు చాలాకాలం సూటి జవాబు లేదు. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ శాతం ఈస్ట్రోజన్ వంటి హార్మోన్ల మీద ఆధారపడి పెరుగుతాయి. గర్భంలో ఈ హార్మోన్లు బాగా పెరుగుతాయి. పాలిచ్చేటప్పుడు ప్రొలాక్టిన్ పెరుగుతుంది. కాబట్టి ప్రమాదం ఉంటుందేమోనని డాక్టర్లూ జంకేవారు. అది తర్కం మాత్రమే, రుజువు కాదు. కానీ రుజువు లేని చోట తర్కమే చట్టమై కూర్చుంటుంది.

తొలి పెద్ద మార్పు 'పాజిటివ్' అనే అంతర్జాతీయ అధ్యయనంతో వచ్చింది. 42 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసున్న 518 మంది మహిళలు ఇందులో చేరారు. అందరికీ వచ్చింది హార్మోన్ ఆధారిత రొమ్ము క్యాన్సరే. వీళ్లు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల పాటు టమాక్సిఫెన్ వంటి హార్మోన్ మందులు వాడి, పిల్లల కోసం గరిష్ఠంగా రెండేళ్లు వాటిని ఆపారు. 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితాలు వచ్చాయి. మందు ఆపినవారిలో మూడేళ్లలో క్యాన్సర్ తిరగబెట్టడమో, రెండో రొమ్ములో రావడమో జరిగింది 8.9 శాతం మందిలో. మందు ఆపకుండా వాడినవారి పాత వివరాలతో పోల్చితే అక్కడ 9.2 శాతం. అంటే దాదాపు సమానం.

మరి పాలిచ్చినవారి సంగతి? అది 2024 సెప్టెంబరులో బార్సిలోనాలో జరిగిన యూరప్ క్యాన్సర్ వైద్యుల సదస్సులో బయటికి వచ్చింది. మిలాన్‌కు చెందిన ఫెడ్రో పెకటోరి బృందం పాజిటివ్ అధ్యయనంలోనే కాన్పు అయిన 317 మందిని పరిశీలించింది. వారిలో 196 మంది, అంటే 62 శాతం పాలిచ్చారు. కాన్పు అయిన రెండేళ్లకు చూస్తే, పాలిచ్చినవారిలో 3.6 శాతం మందికి, ఇవ్వనివారిలో 3.1 శాతం మందికి జబ్బు మళ్లీ కనిపించింది. ఈ తేడా పరిగణించదగ్గది కాదని పరిశోధకుల మాట.

అదే సదస్సులో ఇంకో అధ్యయనం కూడా వచ్చింది. ఇది బీఆర్‌సీఏ జన్యువులో మార్పు ఉన్న యువతుల మీద. ఈ మార్పు ఉన్నవారికి రెండో రొమ్ములోనూ క్యాన్సర్ వచ్చే ముప్పు ఎక్కువ. అందుకే వీళ్ల విషయంలో భయమూ ఎక్కువే. క్యాన్సర్ తర్వాత కాన్పు అయిన 474 మందిలో 110 మంది పాలిచ్చారు, 68 మంది ఇవ్వలేదు. ఏడేళ్ల తర్వాత కూడా ఈ రెండు గుంపుల మధ్య జబ్బు తిరగబెట్టడంలో తేడా కనిపించలేదు. ఇంకో అంకె గమనించండి. 225 మంది అసలు పాలివ్వలేని స్థితిలో ఉన్నారు. ముందే రెండు రొమ్ములూ తీయించుకున్నారు కాబట్టి. ఆ వార్త గురించి రాసేటప్పుడు చాలామంది ఈ అంకెను వదిలేశారు. నాకైతే అదే ముఖ్యం అనిపించింది. సగానికి దగ్గరగా ఉన్న ఈ తల్లులకు 'పాలివ్వొచ్చు' అనే శుభవార్త ఏమీ ఇవ్వదు. వాళ్ల గురించి కింద మాట్లాడుకుందాం.

ఈ అధ్యయనాలను నెత్తిన పెట్టుకునే ముందు పరిమితులూ తెలుసుకోవాలి. ఎవరు పాలివ్వాలో, ఎవరు ఇవ్వకూడదో చీటీలు వేసి నిర్ణయించిన అధ్యయనాలు కావివి. తల్లులే ఎంచుకున్నారు. జబ్బు తేలికపాటి దశలో ఉన్నవారే ధైర్యంగా పాలిచ్చి ఉండొచ్చు. పాజిటివ్‌లో చేరినవారిలో తొంభై శాతానికి పైగా మొదటి, రెండో దశల వారే. పైగా హార్మోన్ ఆధారిత క్యాన్సర్ పదేళ్లకూ, పదిహేనేళ్లకూ తిరగబెట్టగలదు. అలాంటి జబ్బుకు రెండేళ్ల లెక్క చిన్నది. 'పాలివ్వడం వల్ల ముప్పు పెరుగుతుందనడానికి ఇప్పటివరకూ ఆధారం లేదు' అనేదే సరైన వాక్యం. దాన్ని 'ఏమీ కాదు' అని మార్చి చెప్పకండి.

ఇక్కడో పక్కమాట. పాలివ్వడం రొమ్ము క్యాన్సర్‌ను తగ్గిస్తుందని మీరు వినే ఉంటారు. నిజమే. 2002లో లాన్సెట్‌లో వచ్చిన భారీ విశ్లేషణ ప్రకారం, పాలిచ్చిన ప్రతి 12 నెలలకూ ముప్పు 4.3 శాతం చొప్పున తగ్గుతుంది. కానీ అది జబ్బు రానివారి లెక్క. 'నువ్వు సరిగా పాలివ్వలేదు కాబట్టే వచ్చింది' అని ఎవరినీ అనడానికి అది పనికిరాదు. ముగ్గురు పిల్లలకు రెండేసి ఏళ్లు పాలిచ్చినవారికీ ఈ జబ్బు వస్తోంది.

గడియారం తిరుగుతూనే ఉంటుంది

అసలు చిక్కు ఇక్కడుంది. మందు ఆపే గడువు రెండేళ్లు. అందులో మొదటి మూడు నెలలు టమాక్సిఫెన్ ఒంట్లోంచి పూర్తిగా పోవడానికే. ఈ మందు కడుపులో బిడ్డకు హాని చేస్తుంది కాబట్టి ఆ మూడు నెలలూ గర్భం రాకుండా చూసుకోవాలి. మిగిలింది 21 నెలలు. గర్భం తొమ్మిది నెలలు తీసేస్తే 12. మొదటి నెలలోనే గర్భం నిలిస్తే ఏడాది పాలివ్వడానికి మిగులుతుంది. ఎనిమిది నెలలు పడితే నాలుగు నెలలే. ఐవీఎఫ్ చుట్టూ తిరగాల్సి వస్తే ఒక్కోసారి ఏమీ మిగలదు. పాజిటివ్ తల్లులు పాలిచ్చిన కాలంలో మధ్యస్థ అంకె 4.4 నెలలు. దాని వెనుక ఈ లెక్క కూడా ఉండి ఉంటుంది.

హార్మోన్ మాత్రలు వేసుకుంటూ పాలివ్వకూడదు. టమాక్సిఫెన్ పాల ఉత్పత్తినే తగ్గిస్తుంది, పైగా బిడ్డకు సురక్షితమని రుజువు కాలేదు. లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ కూడా అంతే. కాబట్టి పాలిచ్చే ప్రతి నెలా మందు వాయిదా పడే నెలే. ఈ మాట తల్లికి ఎవరూ చెప్పరు. చెప్పాల్సింది ఆంకాలజిస్టు. ఆయన ఓపీలో అరవై మంది ఉంటారు. గైనకాలజిస్టేమో 'ఆరు నెలలు తల్లిపాలే' అని పోస్టరు చూపిస్తారు. ఇద్దరి మాటలూ నిజమే, ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోవడమే కష్టం.

మా సలహా ఏమిటంటే, ఆరు నెలలనే లెక్కను ఈ తల్లి మీద రుద్దకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది అందరు తల్లులకూ వర్తించే సాధారణ సూచన. ఈమె విషయంలో మూడు నెలలైనా గొప్పే. మొదటి రెండు మూడు రోజుల ముర్రుపాలు మాత్రమే ఇవ్వగలిగినా బిడ్డకు మేలే. మరోవైపు, 'బాబు ఇంకా చిన్నవాడు, ఇంకో నెల చూద్దాం' అంటూ మాత్ర మొదలుపెట్టడాన్ని సాగదీయడం ప్రమాదం. పాజిటివ్‌లో నాలుగింట మూడొంతుల మంది తిరిగి మందు మొదలుపెట్టారు. అక్కడ ప్రతి అడుగునూ గమనించే వ్యవస్థ ఉంది. మన దగ్గర బారసాల, అన్నప్రాశన, పుట్టింటి నుంచి అత్తింటికి ప్రయాణం... వీటి మధ్య ఆంకాలజీ ఫైలు బీరువా అడుగుకు చేరుతుంది. మందు మళ్లీ మొదలుపెట్టే తేదీని కాన్పుకు ముందే క్యాలెండరులో రాసుకోండి. భర్త ఫోనులోనూ పెట్టండి.

హార్మోన్లతో సంబంధం లేని ట్రిపుల్ నెగెటివ్ రకం వచ్చినవారికి ఈ మాత్రల గడియారం లేదు. ఈ రకం పాశ్చాత్య దేశాలకన్నా మన దగ్గర ఎక్కువ. తిరగబెట్టే ముప్పు మొదటి రెండు మూడేళ్లలో ఎక్కువ కాబట్టి వీరిని సాధారణంగా అంతవరకూ గర్భం కోసం ఆగమంటారు. ఆ తర్వాత కాన్పు అయితే పాలివ్వడానికి మందుల అడ్డంకి ఉండదు. హెర్2 రకానికి ట్రాస్టుజుమాబ్ తీసుకున్నవారు చివరి డోసు తర్వాత 7 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలని ఆ మందు సూచనల్లోనే ఉంటుంది. కాబట్టి కాన్పు నాటికి అదీ ఒంట్లో ఉండదు.

పాలల్లో విషం ఉండదు

రెండో ప్రశ్న. కీమో పూర్తయి ఏళ్లు గడిచాక ఆ మందులు ఒంట్లో ఉండవు, పాలల్లోకి రావు. బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ కూడా ఒంట్లో నిల్వ ఉండిపోయేది కాదు. మిషన్ ఆపగానే ఆగిపోతుంది. లైటు తీసేశాక గదిలో వెలుతురు మిగలదు కదా, అలాగే. ఇక పాల ద్వారా క్యాన్సర్ బిడ్డకు అంటుకుంటుందనే మాట వట్టి అపోహ. బీఆర్‌సీఏ వంటి జన్యు మార్పు బిడ్డకు రావొచ్చు, కానీ అది వచ్చేది గర్భం నిలిచిన నాడే. పాలతో సంబంధం లేదు.

పాలివ్వకూడని సందర్భం ఒకటే: చికిత్స నడుస్తున్నప్పుడు. కీమో, హార్మోన్ మాత్రలు, కొత్తగా వచ్చిన టార్గెటెడ్ మందులు వాడుతున్నంతకాలం వద్దు.

ఒక్క రొమ్ము చాలు

మూడో ప్రశ్నకు జవాబు ఆపరేషన్ రకాన్ని బట్టి ఉంటుంది. రొమ్ము మొత్తం తీసేస్తే ఆ వైపు పాలు రావు. చనుమొనను ఉంచి లోపల ఇంప్లాంట్ పెట్టినా అంతే. పైకి రొమ్ములాగే ఉన్నా పాలు తయారయ్యే గ్రంథి లేదు. గడ్డను మాత్రమే తీసి రేడియేషన్ ఇస్తే, ఆ వైపు గ్రంథులు, నాళాలు గట్టిపడిపోతాయి. గర్భంలో ఆ రొమ్ము పెద్దగా పెరగదు. పాలు కొద్దిగానో, అసలు రాకుండానో ఉంటాయి. చనుమొన చుట్టూ కోత పెట్టి ఉంటే నాళాలు తెగిపోవచ్చు. బిడ్డ చప్పరింపును మెదడుకు చేరవేసే నరమూ దెబ్బతిని ఉండొచ్చు. వచ్చిన కొద్దిపాటి పాలూ చెడ్డవేం కావు. కాకపోతే బిడ్డ ఆ వైపు ఇష్టపడకపోవచ్చు. అలాంటప్పుడు బలవంతం చేయొద్దు. రేడియేషన్ తగిలిన చర్మం పగిలినా, అక్కడ చీము పట్టినా మానడం ఆలస్యం.

రెండో రొమ్ము మాత్రం మామూలుగానే పనిచేస్తుంది. ఒక్క రొమ్ముతో బిడ్డ కడుపు నిండదనే భయం మన ఇళ్లలో బలంగా ఉంది. కవలల తల్లిని చూడండి. ఒక్కో బిడ్డకు ఒక్కో రొమ్ము కేటాయించి పెంచిన తల్లులెందరో. పాలు ఖాళీ అయిన కొద్దీ తయారవుతాయి. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పడితే ఆ ఒక్క వైపే ఉత్పత్తి పెంచుకుంటుంది. రెండు వైపులా పరిమాణంలో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దానికి మెత్తటి ప్యాడ్ ఉన్న బ్రా సరిపోతుంది. ఎవరూ నవ్వరు, నవ్వితే అది వాళ్ల సంస్కారం. చంక గడ్డలు తీసినవారికి ఆ వైపు చేయి వాచే అలవాటుంటే, బిడ్డ బరువంతా దాని మీద వేయకుండా దిండు ఆసరాతో, లేదా పక్కకు పడుకుని పట్టండి.

పాలు సరిపోతున్నాయా అనేది బిడ్డ ఏడుపుతోనో, అత్తగారి అంచనాతోనో తేల్చకండి. అయిదో రోజు తర్వాత రోజుకు ఆరుసార్లకు పైగా మూత్రం పోస్తున్నాడా? పుట్టినప్పటి బరువుకు రెండు వారాల్లో తిరిగి చేరాడా? ఈ రెండూ సరిగా ఉంటే చాలు. బరువు పెరగకపోతే పిల్లల డాక్టరు సలహాతో పైపాలు కలపాలి. ఒక వైపు తల్లిపాలు, మిగతాది ఉగ్గుగిన్నెతో ఫార్ములా. ఇదేమీ ఓటమి కాదు. పాలు పడటానికంటూ వెల్లుల్లి కారం, మునగాకు కూర హాయిగా పెట్టండి. శతావరి పొడులు, పాలు పెంచే మాత్రలు మాత్రం ఆంకాలజిస్టును అడగకుండా వద్దు. వాటిలో కొన్ని హార్మోన్ల మీద పనిచేస్తాయి. హార్మోన్ ఆధారిత క్యాన్సర్ వచ్చిన అమ్మాయికి అవి మంచివని ఎవరూ హామీ ఇవ్వలేరు.

పాలివ్వలేని తల్లి

ఇప్పుడు ఆ 225 మంది దగ్గరికి వద్దాం. రెండు రొమ్ములూ లేని తల్లి, మందు వెంటనే మొదలుపెట్టాల్సిన తల్లి, పాలివ్వడానికి మనసొప్పని తల్లి. మన దగ్గర పురిటి మంచం చుట్టూ చేరే చుట్టాలకు ఒకటే ప్రశ్న: 'పాలు పడ్డాయా?' చాలా ఇళ్లలో క్యాన్సర్ సంగతి అత్తింటివైపు దూరపు బంధువులకు తెలియనివ్వరు. దాంతో ఆ పిల్ల ఏ కారణం చెప్పాలో తెలియక ఒకరికి 'పాలు రాలేదు', ఇంకొకరికి 'బాబు పట్టుకోవడం లేదు' అని చెబుతూ నలిగిపోతుంది. ఈ జవాబు చెప్పే పని తల్లిది కాదు. భర్తో, అమ్మో ముందే ఒక మాట అనుకుని, 'డాక్టర్లు వద్దన్నారండీ' అని అక్కడితో ముగించాలి. ఏ డాక్టరు, ఎందుకు అని అడిగేవారికి కాఫీ ఇచ్చి పంపండి.

మిల్క్ బ్యాంకు నుంచి తెచ్చుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. హైదరాబాద్ నీలోఫర్ ఆస్పత్రిలో ధాత్రి మిల్క్ బ్యాంకు ఉంది. దేశంలో మొదటిది 1989లో ముంబయి సయన్ ఆస్పత్రిలో డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ మొదలుపెట్టారు. కానీ ఈ పాలు మొదట అందేది నెలలు నిండకుండా పుట్టి, ఐసీయూలో ఉన్న పసికందులకు. నెలలు నిండి, ఆరోగ్యంగా ఇంటికి వెళ్లిన బిడ్డకు నెలల తరబడి దొరకడం కష్టం. ఆన్‌లైన్‌లో అమ్మే తల్లిపాల జోలికి వెళ్లకండి. తల్లిపాలను అమ్మడానికి అనుమతి లేదని 2024 మేలో ఎఫ్ఎస్ఎస్ఏఐ స్పష్టంగా చెప్పింది. తెలిసినవాళ్లో, బంధువులో పాలిస్తామన్నా ఆమెకు హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలు లేకుండా ఒప్పుకోవద్దు. కాచి చల్లార్చిన నీళ్లతో, డబ్బా మీద రాసిన కొలత ప్రకారం కలిపిన ఫార్ములాతో బిడ్డ చక్కగా పెరుగుతాడు. డబ్బు కలిసొస్తుందని పలుచగా కలపడమే అసలు ప్రమాదం. బిడ్డను ఒంటికి ఒంటిని ఆనించి పడుకోబెట్టుకోవడానికి పాలతో పనిలేదు, రొమ్ముతోనూ పనిలేదు.

పరీక్షలు వాయిదా వేయొద్దు

పాలిచ్చే కాలంలో రొమ్ములో గడ్డలు మామూలే. పాలు గడ్డకట్టడమో, నాళం మూసుకుపోవడమో జరుగుతుంది. ఈ కారణంతోనే అసలు గడ్డనూ 'పాలగడ్డే' అని వదిలేస్తుంటారు. క్యాన్సర్ వచ్చిపోయిన తల్లి ఇలా వదిలేయకూడదు. ఏ గడ్డయినా రెండు వారాల్లో కరగకపోతే చూపించాలి. అల్ట్రాసౌండ్, మమోగ్రామ్ రెండూ పాలిచ్చేటప్పుడు చేయించుకోవచ్చు. పాలిచ్చిన వెంటనే, లేదా పిండేసి వెళితే చిత్రం స్పష్టంగా వస్తుంది, నొప్పీ తక్కువ. సీటీ, ఎమ్మారైల్లో ఎక్కించే మందు కోసం పాలు ఆపాల్సిన అవసరం లేదు. పెట్ స్కాన్ అయితే ఆ రోజు కొన్ని గంటలు బిడ్డను దగ్గరికి తీసుకోకూడదు. ఎన్ని గంటలో స్కాన్ సెంటర్ వాళ్లను ముందే అడగండి, అంతసేపటికీ పాలు ముందురోజే పిండి ఫ్రిజ్‌లో ఉంచండి.

ఏడో నెలలో ఒకసారి ఆంకాలజిస్టు దగ్గరికి, గైనకాలజిస్టు దగ్గరికి ఒకే వారంలో వెళ్లి, ఒకరు రాసింది ఇంకొకరికి చూపించండి. మీ ఆపరేషన్ నోట్స్‌లో కోత ఎక్కడ పెట్టారో, రేడియేషన్ ఎటువైపు ఇచ్చారో ఉంటుంది. ఆ కాగితం కాన్పు సంచిలో పెట్టండి. మాత్ర మళ్లీ మొదలుపెట్టే తేదీకి రెండు మూడు వారాల ముందు నుంచి రోజుకో పూట తగ్గిస్తూ పాలు మాన్పించండి. ఒక్కసారిగా ఆపితే రొమ్ము గట్టిపడి జ్వరం వస్తుంది. తొందరగా మందు మొదలుపెట్టాల్సి వస్తే పాలు తగ్గించే మాత్రలున్నాయి, డాక్టరు రాసిస్తారు. చివరి పట్టు ఎప్పుడివ్వాలో మాత్రం తల్లినే ఎంచుకోనివ్వండి. చాలామంది రాత్రి నిద్రపుచ్చే పాలనే ఆఖరిదాకా ఉంచుకుంటారు.